పగుళ్లను తానే పూడ్చుకొను కాంక్రీటు

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమునందు ఒక ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



ఈ పూట నాకు కేటాయించిన విషయమును కార్యక్రమ పత్రములో చదివి మీలో కొందరు నవ్వుకొనియుందురు. "తెలివిగల పదార్థములతో చిరకాలము నిలుచు నిర్మాణములు" అని అందులో అచ్చయినది. మనుష్యులకే తెలివి చాలని ఈ కాలములో సిమెంటునకును ఇనుమునకును తెలివి ఎక్కడిదని మీరు అడుగవచ్చును. అడుగదగిన ప్రశ్నయే.

అత్తిపత్తి మొక్కను మీరందరును ఎరుగుదురు. తాకినంతనే ఆకులు ముడుచుకొనును. కొంతసేపటికి తిరిగి విచ్చుకొనును. తనకు కలిగిన మార్పును తెలిసికొని, దానికి తగినట్లు తానే మారు గుణము కొన్ని లోహములకును, కొన్ని కట్టుబడి సామగ్రులకును కలదు. అట్టి వాటినే శాస్త్రజ్ఞులు తెలివిగల పదార్థములని పిలుచుచున్నారు. నికెలు, టైటానియము కలిపిన మిశ్రలోహమొకటి కలదు. దానిని ఎంత వంచినను తన పూర్వపు ఆకారమును మరువదు. అమెరికా దేశమున సియాటిల్ నగరములో 2017లో పూర్తియైన ఒక వంతెన స్తంభములలో ఇట్టి చువ్వలను వాడిరి. భూకంపమునకు స్తంభము ఊగినను తిరిగి నిటారుగా నిలువవలెనని వారి ఉద్దేశము. మన పంచాయతీ కల్వర్టునకు ఆ చువ్వలు కొనుట ఇప్పట్లో జరుగు పని కాదు. కావున వాటిని విడిచి, మన చేతికందు సంగతులనే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మొదట ఒక లెక్క చెప్పెదను. 1992లో ఆమోదము పొందిన రాజ్యాంగ 73వ సవరణతో పదునొకండవ షెడ్యూలు ఏర్పడి, అందు 29 అంశములు పంచాయతీల కొరకు చేర్చబడినవి. రోడ్లు, కల్వర్టులు, త్రాగునీరు అందున్నవే. కాని నిధులు అడిగినప్పుడెల్ల వచ్చునవి కావు. ఒక వీధికి ఈ ఏడు సిమెంటు రోడ్డు పడినదన్న, మరల ఆ వీధి వంతు వచ్చుటకు ఎన్ని ఏండ్లు పట్టునో మీకే ఎరుక. ఆ రోడ్డు మూడేండ్లకే పెచ్చులు లేచినచో నష్టపోవునది ఆ వీధి మాత్రమే కాదు. ఊరి చివర పేటలో మోకాటిలోతు బురదలో బడికి పోవు పిల్లల వంతు కూడ వెనుకకు జరుగును. పాత రోడ్డునకు మరల పెట్టు ప్రతి రూపాయియు వారి రోడ్డునుండి తీసినదే. కాంక్రీటు ఎందుకు పగులును, ఎట్లు నిలుచును అను ప్రశ్న ఇంజనీరు గారిది మాత్రమేయని మీరు ఊరకుండరాదు.

సిమెంటు ఎండి గట్టిపడునని మనలో పెక్కుమంది తలంపు. అది సరికాదు. సిమెంటు నీటిని త్రాగి గట్టిపడును. నీటితో కలిసినప్పుడు దానిలో రసాయనిక మార్పు జరిగి, సన్నని స్ఫటికములు అల్లుకొని, ఇసుకను కంకరను పట్టి ఉంచును. 50 కిలోల బస్తాలోని సిమెంటు ఈ మార్పునకు నిజముగా వాడుకొను నీరు దాని బరువులో నాలుగవ వంతు, అనగా సుమారు 12 లీటర్లు మాత్రమే. కాని అంత తక్కువ నీటితో కలుపుట, పరచుట కష్టము. కావున మరికొంత నీరు చేర్చుదురు. ఇనుప చువ్వలు గల కాంక్రీటునకు, మధ్యరకపు వాతావరణమున, సిమెంటు బరువులో సగమునకు మించి నీరు ఉండరాదని భారత ప్రమాణము 456 చెప్పుచున్నది. అనగా బస్తాకు 25 లీటర్లు. సముద్రతీరపు గ్రామములకు ఇంకను తక్కువ, 22 లీటర్లు చిల్లర. తడి ఇసుకలో ఉండు నీరు కూడ ఈ లెక్కలోనిదే.

ఇక పనిచోట జరుగుచున్నదేమి? గొట్టము పట్టి చూపు అంచనాతో పోయుదురు. పలుచగా ఉన్నచో కాంక్రీటు తానే జారును, పారకు శ్రమ తక్కువ. ఎక్కువైన నీరు పిమ్మట ఆవిరియై పోవును. అది ఉన్నచోటు రంధ్రమై మిగులును. ఆ రంధ్రముల త్రోవననే వాననీరును, గాలియు లోనికి చేరును. రోడ్డుపై మొదటి వర్షాకాలమునకే సున్నము వంటి దుమ్ము రేగినచో, దానికి కారణము సిమెంటు తగ్గించుట ఒక్కటే అనుకొనకుడు. నీరు పెంచుటయు కావచ్చును. దొంగతనము లేకయే కాంక్రీటు చెడు మార్గమిది. కనుకనే దీనిని ఎవ్వరును పట్టుకొనరు.

ఇప్పుడు తెలివి సంగతికి వత్తము. కాంక్రీటునకు స్వభావముచేతనే కొంత తెలివి కలదు. కొత్తగా కట్టిన మంచినీటి ట్యాంకును నింపిన మొదటి వారమున, అక్కడక్కడ సన్నని పగుళ్ల వెంట చెమ్మ కనిపించును. కొన్నాళ్లకు అది దానంతట అదే ఆరిపోవును. ఆ చోట తెల్లని చార మిగులును. దీనిని మీరు చూచియే యుందురు. లోపల నీరు సోకని సిమెంటు రేణువులు కొన్ని ఇంకను మిగిలియుండును. పగులునుండి నీరు చేరగానే అవి గట్టిపడును. సిమెంటులోని సున్నము నీటిలో కరిగి, గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి సున్నపురాయిగా పేరుకొనును. వెండ్రుక మందపు పగుళ్లు ఈ విధముగా మూతపడును. ఎవ్వరును ఒక్క పైసా ఖర్చు పెట్టనవసరము లేదు.

మన పెద్దలు సున్నముతో కట్టిన కట్టడములలో ఈ గుణము ఇంకను ఎక్కువగా ఉండెడిది. ఎడ్లు త్రిప్పు గానుగలో సున్నమును ఇసుకతో నూరి, కరక్కాయ నీరు, బెల్లపు నీరు చేర్చి, దినముల తరబడి నాననిచ్చి వాడెడివారు. 1591లో కట్టిన హైదరాబాదు చార్మినారు సున్నపు కట్టడమే. గోదావరిపై ధవళేశ్వరము వద్ద 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర కట్టించిన ఆనకట్టయు రాతితోను సున్నముతోను లేచినదే. సున్నము నెమ్మదిగా గట్టిపడును, కొంచెము వంగును, కరిగి తిరిగి పేరుకొనును. సిమెంటునకు ఉన్న తొందర దానికి లేదు.

రోమనుల కట్టడముల రహస్యమును విప్పుటకు 2023లో అమెరికాలోని మాసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ఆచార్యుడు అడ్మిర్ మాసిక్ బృందము ఒక పరిశోధన ప్రకటించినది. రోము నగరమున పాంథియన్ అను ఆలయము సుమారు 1,900 ఏండ్లనాటిది. దాని గుమ్మటపు వ్యాసము 43 మీటర్లకు పైన. లోపల ఒక్క ఇనుప చువ్వయు లేదు, నేటికిని నిలిచియున్నది. ఆ కాలపు కాంక్రీటులో తెల్లని సున్నపు పలుకులు కనిపించును. సరిగా కలుపకపోవుటచేత మిగిలిన ముద్దలని చాలకాలము పండితులు అనుకొనిరి. వారు పొడిసున్నమును వేడివేడిగా కలుపుటచేత కావలసియే అవి ఏర్పడినవని ఈ పరిశోధకులు చెప్పిరి. పగులు ఆ పలుకులవైపు సాగును, నీరు దిగును, సున్నము కరిగి పగులును నింపును. అదే పద్ధతిని చేసిన కాంక్రీటు దిమ్మెలను అర మిల్లీమీటరు ఎడముతో పగులగొట్టి నీరు పారించిరి. రెండు వారములలో నీరు పారుట నిలిచిపోయినది. పొడిసున్నము లేని దిమ్మెలో నీరు పారుచునేయున్నది.

మరియొక మార్గము హాలెండు దేశములోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయమునుండి వచ్చినది. అచ్చటి సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు హెంక్ యోంకర్స్ 2006లో ఈ పనికి పూనుకొనెను. బాసిలస్ జాతి సూక్ష్మజీవులు కొన్ని ఆహారము లేకున్నను విత్తనములవలె ఎన్నో ఏండ్లు నిద్రపోవగలవు. వాటిని, వాటికి ఆహారమగు కాల్షియము లాక్టేటును కాంక్రీటులో కలుపుదురు. పగులు పడి నీరు లోనికి చేరగానే, తొలకరి చినుకునకు గింజ మొలకెత్తినట్లు అవి మేల్కొని, ఆహారము తిని, సున్నపురాయిని విడుచును. 2011లో వెలువడిన వారి ప్రయోగ ఫలితమును గమనింపుడు. దిమ్మెలను 100 దినములు నీటిలో ఉంచిన పిమ్మట సూక్ష్మజీవులు కలిపిన వాటిలో 0.46 మిల్లీమీటరు వరకు గల పగుళ్లు పూడినవి. ఏమియు కలుపని వాటిలో 0.18 మిల్లీమీటరు వరకు గల పగుళ్లు పూడినవి.

నాకు ఈ రెండవ అంకెయే ముఖ్యముగా తోచుచున్నది. సూక్ష్మజీవుల కాంక్రీటు ఖరీదైనది. మన గ్రామపు ఎస్టిమేటులో దానికి చోటు లేదు. కాని ఏమియు కలుపకున్నను, మంచి కాంక్రీటునకు స్వతహాగా అంత శక్తి కలదు గదా! నీరు ఎక్కువ పోసి, తరువాత తడుపక ఎండగట్టి, ఆ శక్తిని మనమే పాడుచేయుచున్నాము.

తడుపుట అను మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పెదను. కొంతకాలము క్రిందట ఉద్యోగ నిమిత్తము ఒక మెట్టప్రాంతపు గ్రామమునకు పోయితిని. వైశాఖ మాసము. రెండు వీధులలో రోడ్డు ఒకే వారమున, ఒకే మేస్త్రీ చేతిమీదుగా పడినది. మొదటి వీధిలో గోనెసంచులు కప్పి, ఉదయము ఒకమారు నీరు చల్లి, "తడిపితిమి" అనిరి. పదిగంటలకు సంచులు పొడియై గాలికి లేచిపోవుచుండెను. రెండవ వీధిలో నివసించు రైతు ఒకరు తన చేనిలో చేసినట్లే చేసిరి. రోడ్డుపై అడుగడుగునకు మట్టితో సన్నని గట్లు వేయించి, వరిమడికివలె నీరు నిలిపిరి. ఇంటింటివారును వంతులు వేసికొని, పాత్రలు కడిగిన నీటిని కూడ మడులలో పోసిరి. మరుసటి ఏడు నేను పోయి చూచినప్పుడు మొదటి వీధిలో కంకర పైకి తేలియున్నది. రెండవ వీధి పలకవలె ఉన్నది. ఇనుపమేకుతో గీచి చూచితిని, గీత పడలేదు.

సాధారణ సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద కలిసిన సిమెంటునకు కనీసము 10 దినములు కాంక్రీటును ఎడతెగక తడిగా ఉంచవలెనని ప్రమాణము. ఎండ తీవ్రముగా ఉండుచోట ఏ సిమెంటునకైనను 10 దినములకు తగ్గరాదు. బూడిద సిమెంటునకు 14 దినములు చేయుట మేలని అందే చెప్పబడినది. మన ఎండలకు 14 దినములని గుర్తుపెట్టుకొనుడు. లెక్క సులభము, రెండు వారములు.

బూడిద సిమెంటు అనగానే కొందరు ముఖము చిట్లించుదురు. కల్తీయని వారి భయము. అది నిరాధారము. ఇబ్రహీంపట్నము, రామగుండము, కొత్తగూడెము, పరవాడ మొదలగుచోట్ల బొగ్గు మండించి విద్యుత్తు తీయునప్పుడు వచ్చు సన్నని బూడిదను పిండి, ప్రమాణము ప్రకారము 15 నుండి 35 శాతము వరకు సిమెంటులో కలుపుదురు. సిమెంటు గట్టిపడునప్పుడు మిగులు సున్నమును ఈ బూడిద నెమ్మదిగా పట్టుకొని, తానును జిగురుగా మారి రంధ్రములను పూడ్చును. రోమనులు అగ్నిపర్వతపు బూడిదను సున్నములో కలిపినది ఇందుకే. మొదటి వారములలో దీని బలము కొంత తక్కువగా కనిపించును. నెలలు గడచినకొలది పెరుగును. ఉప్పునీటికిని, ఉప్పునేలకును ఇది మేలైనది. కాని నెమ్మదిగా గట్టిపడునది గనుక తడుపుటలో అశ్రద్ధ చేసినచో ఎక్కువ చెడునదియు ఇదియే. సెంట్రింగు తొందరపడి విప్పరాదు.

ఇక ట్యాంకుల విషయము. రోడ్డు చెడినచో కాలు నొచ్చును. ట్యాంకు చెడినచో ప్రాణము పోవును. మంచి కాంక్రీటులోని క్షారగుణము ఇనుప చువ్వను పొరవలె కాపాడుచుండును. పగుళ్ల గుండ, రంధ్రముల గుండ బొగ్గుపులుసు వాయువో, ఉప్పో చేరినచో ఆ కాపు పోయి తుప్పు మొదలగును. తుప్పు ఇనుముకంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమించును. లోపలనుండి ఒత్తి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీయును. స్తంభముపై నిలువుగా చువ్వ వెంట పగులును, గోధుమరంగు మరకయు కనబడెనా, అది తానే పూడు పగులు కాదు. దానిపై సున్నము కొట్టించి పండుగకు ముస్తాబు చేయుట అపాయమును కప్పిపుచ్చుటయే. వెంటనే ఇంజనీరునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. ఆ ట్యాంకు క్రింద పిల్లలను ఆడనీయరాదు, సంత పెట్టనీయరాదు.

రోడ్డుపై అడ్డముగా కోతయంత్రముతో గాడులు కోయుట మీరు చూచియుందురు. "మంచి రోడ్డును కోయుచున్నారేమి?" అని ఒక ఊరిలో పెద్దమనిషి అడ్డుపడినారట. కాంక్రీటు ఆరుచు కుంచించుకొనును. ఎక్కడనో ఒకచోట పగులక తప్పదు. మనము గీచినచోట పగులుమని చెప్పుటకే ఆ గాడి. సుమారు 4 మీటర్లలోపున ఒకటి ఉండవలెను. రోడ్డు వేసిన తరువాత గంటలలోనే, ఆలస్యము లేక కోయించవలెను. వారము గడచిన పిమ్మట కోసినచో దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే. మరియొకటి. కొళాయి గొట్టములు ముందు, రోడ్డు తరువాత. ఏ దేశపు సూక్ష్మజీవియు గునపముతో త్రవ్విన గోతిని పూడ్చజాలదు!

తారు రోడ్లకు సంబంధించి రెండు మాటలు. మదురైలోని త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యుడు రాజగోపాలన్ వాసుదేవన్ పారవేసిన ప్లాస్టిక్ సంచులను రోడ్లలో వాడు పద్ధతిని కనుగొనిరి. అందులకు వారికి 2018లో పద్మశ్రీ లభించినది. వేడి కంకరపై తురిమిన ప్లాస్టిక్ చల్లగానే అది కరిగి ప్రతి రాతికిని పూతవలె అంటుకొనును. పైన తారు గట్టిగా పట్టును, నీరు రాతికిని తారుకును నడుమ దూరజాలదు. తారు బరువులో 6 నుండి 8 శాతము ప్లాస్టిక్ చాలును. అయితే అన్ని ప్లాస్టిక్కులును పనికిరావు. పి.వి.సి. గొట్టపు ముక్కలు వేడికి విషవాయువును విడుచును. కావున మీ చెత్తకేంద్రమునందే సంచులను వేరు, గొట్టములను వేరు చేయించవలెను.

నల్లరేగడి నేలలవారికి కొబ్బరిపీచు వస్త్రము ఉపయోగకరము. రేగడి వానకు ఉబ్బును, ఎండకు నెర్రెలు విచ్చును. పైనున్న రోడ్డు దానితోపాటు కదలును. పీచుతో నేసిన వలవంటి వస్త్రమును మట్టిపై పరచి, దానిపై కంకర వేసినచో కంకర బురదలోనికి దిగదు. రెండు మూడేండ్లలో పీచు మట్టిలో కలిసిపోవును. అప్పటికి క్రిందినేల అణగి గట్టిపడియుండును. పని తీరిన పిమ్మట తానే తప్పుకొను పదార్థము తెలివిగలది కాక మరేమి? ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మూడవ దశలో ఈ వస్త్రముతో 1,674 కిలోమీటర్ల రోడ్లు వేయుటకు 2020లో నిర్ణయించిరి. అందు ఆంధ్ర ప్రదేశ్ వంతు 164, తెలంగాణ వంతు 121 కిలోమీటర్లు. కోనసీమ పీచు రాయలసీమ రేగడికి ఉపకరించుట సంతోషింపదగిన విషయము.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. తెలివిగల పదార్థములకు పేరు వచ్చినకొలది, తెలివిగల వర్తకులును బయలుదేరుదురు. పగుళ్లను తానే పూడ్చు పొడియని, రెండింతలు నిలుచు ద్రవమని రంగురంగుల డబ్బాలు మీ కార్యాలయమునకు వచ్చును. వాటిలో మంచివి లేవని నేననను. కాని భారత ప్రమాణ సంస్థ గుర్తు ఉన్నదా, ప్రయోగశాల పరీక్షపత్రమున్నదా, మీ ఇంజనీరు ఎస్టిమేటులో దానిని వ్రాసెనా అని అడుగుడు. ఈ మూడును లేని డబ్బాపై ప్రజల సొమ్ము పెట్టకుడు. పాడైన కాంక్రీటును బాగుచేయు పొడికంటె, బస్తాకు పది లీటర్లు తగ్గించిన నీరే చవుక.

సభ్యులుగా మీరు చేయగల పరీక్ష ఒకటి కలదు. పని జరుగు దినమున అచ్చటి కాంక్రీటునే తీసి, 15 సెంటీమీటర్ల ఘనాకారపు అచ్చులలో నింపి దిమ్మెలు చేయవలెను. ఒక నమూనాకు మూడు దిమ్మెలు. వాటిని నీటిలో ఉంచి 28వ దినమున యంత్రముతో నలిపి బలము చూతురు. ఎం-20 అని ఎస్టిమేటులో వ్రాసినచో, ఆ 20 అంకె చదరపు మిల్లీమీటరునకు 20 న్యూటన్ల బలమని అర్థము. దిమ్మెలను వేరేచోట మంచి సిమెంటుతో చేసి తెచ్చు తెలివియు లోకమున కలదు. కావున పచ్చిగా ఉన్నప్పుడే వాటిపై తేదీని, వీధిపేరును మేకుతో వ్రాయించి, ఇద్దరు సభ్యులు, వీలైనచో ఆ వీధివారే, పొడిఅక్షరములు గీయవలెను. 28 దినములకు వచ్చిన ఫలితమును గ్రామసభలో చదివి వినిపింపుడు. తుది బిల్లుపై తీర్మానము ఆ తరువాతనే.

నేను ఇంజనీరును కాను; ప్రచారాధికారిని. మీ ట్యాంకులు, మీ నేలలు, మీ ఎస్టిమేట్లను గూర్చి అడుగవలసినవి ఉండును. పంచాయతీరాజ్ ఇంజనీరు గారు ఇచ్చటనే యున్నారు. బయట చెట్టుక్రింద ఒక బస్తా సిమెంటు, కొలబానలు, మూడు అచ్చులు సిద్ధముగా ఉంచిరి. ఫలహారము ముగియగానే అందరును అచ్చటికి రావలెనని కోరుచున్నాను. నీరు కొలిచి పోయు పనిని మహిళా సభ్యులకు అప్పగించినాము.